కర్చీఫ్ కింద కాంబో

మొన్న గుంటూరులో ఇల్లు సర్దుతుంటే అటక మీంచి పాత డబ్బా టీవీ దిగింది. పాత సామాన్లవాడికి ఇచ్చేముందు పనిచేస్తుందేమో చూద్దామని తమ్ముడు ప్లగ్గు పెట్టాడు. బొమ్మ రాలేదు. గర్రుమని ఒక చప్పుడు, కాసేపటికి వెనక కన్నాల్లోంచి దుమ్ము వేడెక్కిన వాసన. న్యాయంగా అయితే ఆ వాసనకి మా హాలూ, ఆదివారం సినిమాలూ గుర్తుకు రావాలి. నాకు మాత్రం బ్రాడీపేటలో ఒక మెట్ల కింద గది గుర్తొచ్చింది. ఇలాంటి టీవీలే నాలుగు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆపకుండా వెలుగుతూ ఉండేవి అక్కడ. కిటికీ లేదు, ఒక్క టేబుల్ ఫ్యాను, అది కూడా ఎక్కువసేపు ఓనర్ వైపే తిరిగి ఉండేది.

బ్రాడీపేట తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ అడ్రస్ అంటే అంకెలే. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు, 4/14 అంటే ఆటోవాడు నేరుగా తీసుకెళ్లి దింపుతాడు. సందు సందుకీ ట్యూషన్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఇంటర్ కాలేజీ వదిలాక సాయంత్రం ట్యూషన్ మొదలయ్యే దాకా దొరికే ఖాళీలోనే మా బతుకంతా ఉండేది. ఆ ఖాళీ మీద బతికిన వ్యాపారాలు రెండు, ఒకటి మిరపకాయ బజ్జీల బండి, రెండోది ఈ వీడియో గేమ్స్ షాపు.

మేడ మెట్ల కింద మిగిలిన జాగాకి తలుపు బిగించి, ముందు పచ్చ కర్టెన్ వేలాడదీశారు. రోడ్డు మీద పోయే నాన్నలకీ మాస్టార్లకీ లోపల ఎవరున్నారో కనపడకూడదని. కానీ చెప్పులు బయట విడవాలి కదా, చెప్పులు చూసి పట్టేసేవాళ్లు. మా క్లాసువాడొకడు చెప్పులు పుస్తకాల సంచిలో పెట్టుకుని లోపలికి తెచ్చుకునేవాడు, వాడి రికార్డు బుక్కు మీద అరికాలి అచ్చు ఉండేది. ఓనర్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయన దగ్గర ఒక రూళ్ల పుస్తకం, ఎదురుగా గోడ గడియారం. పేరు, టీవీ నంబరు, మొదలెట్టిన టైము రాసుకునేవాడు. గంటకి 15 రూపాయలు, ఇద్దరు ఆడితే 20. ఆ గడియారం కాస్త ముందు నడుస్తుందని మాకందరికీ గట్టి అనుమానం, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. "టైమైపోయింది, లేవండ్రా" అని ఆయనా, "ఒక్క ఫైటు బాబాయ్, ఇదే లాస్టు" అని మేమూ. ఆ లాస్టు ఫైటు గెలిచినవాడు అర్జెంటుగా లేచిపోయేవాడు, ఓడినవాడు ఇంకో అరగంట కొనుక్కునేవాడు. షాపు నడిచింది ఓడినవాళ్ల డబ్బుల మీదే అని నా లెక్క.

*

ఆడేది టెక్కెన్ 3. జపాన్ కంపెనీ నామ్‌కో వాళ్లు 1997లో పెద్ద కాయిన్ మెషీన్ల మీద, 1998లో టీవీకి తగిలించే ప్లేస్టేషన్ పెట్టె మీద వదిలిన ఫైటింగ్ గేమ్. మాకు ఎప్పుడు చేరిందో అడగకండి, కాపీ సీడీ రూపంలో చేరింది. ప్లేస్టేషన్ అసలు డిస్కులు వెనకవైపు నల్లగా ఉంటాయని నేను ఉద్యోగంలో చేరాక గానీ చూడలేదు, చూసి అదే నకిలీ అనుకున్నా.

అంతకుముందు మాకు తెలిసిన ఫైటింగ్ అంతా కాయిన్ మెషీన్ల మీదే, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. నిలబడి ఆడాలి, ఎడమ చేతిలో కర్ర, కుడి చేతి కింద నాలుగు బటన్లు. ఎ చిన్న గుద్దు, బి చిన్న తన్ను, సి పెద్ద గుద్దు, డి పెద్ద తన్ను. ఆ అలవాటుతోనే ప్లేస్టేషన్ రిమోట్ పట్టుకున్నాం (కంట్రోలర్ అనే మాట అప్పట్లో మా నోట లేదు, అది రిమోట్, లేకపోతే జాయ్‌స్టిక్). ఇక్కడ కూడా చిన్న గుద్దు పెద్ద గుద్దు వెతుక్కున్నాం చాలాకాలం. ఒక పెట్రోలు బంకు పక్కింటి కుర్రాడు, లెక్కల్లో ఎప్పుడూ తప్పేవాడు, ఒకరోజు ఆడుతూ ఆడుతూ ఆగి "రేయ్, ఇవి బటన్లు కాదురా, కాళ్లూ చేతులూ" అన్నాడు. స్క్వేర్ ఎడమ చెయ్యి, ట్రయాంగిల్ కుడి చెయ్యి, ఎక్స్ ఎడమ కాలు, సర్కిల్ కుడి కాలు. పైన రెండూ చేతులు, కింద రెండూ కాళ్లు. ఎడమ బటన్లు ఎడమవి, కుడి బటన్లు కుడివి. అంతే, గేమ్ మొత్తం అక్కడ తెరుచుకుంది మాకు. తెరమీద వాడు ఏ చేత్తో కొడుతున్నాడో చూస్తే ఏ బటన్ నొక్కాడో తెలిసిపోతుంది కదా. అప్పటిదాకా తెర చూసి ఆనందించేవాళ్లం, అప్పట్నుంచి తెర చూసి దొంగతనం చెయ్యడం మొదలుపెట్టాం.

గేమ్‌లో కొట్టుకునే మనుషులకి పేర్లు మావే. ఫారెస్ట్ లా మాకు బ్రూస్లీ, లేయ్ జాకీచాన్, యోషిమిట్సు కత్తోడు, మోకుజిన్ చెక్కోడు, హేహాచి ముసలోడు. కూమా ఎలుగ్గొడ్డు. పాల్ నిలువుజుట్టోడు. హ్వోరాంగ్ అనే పేరు సరిగ్గా పలికినవాణ్ణి నేనింతవరకూ గుంటూరులో చూడలేదు, "వారంగాడు" అనేవాళ్లం. కింగ్ మొహానికి ఉన్నది నిజానికి జాగ్వార్ మాస్కు, మాకు మాత్రం పులి.

*

అందరూ మొట్టమొదట నేర్చుకునేది నిలువుజుట్టోడి గుద్దు. కింద, కింద-ముందు మూల, ముందు, వెంటనే ట్రయాంగిల్. రాసి చెబితే ఇంతే. చేతికి రావడానికి బొటనవేలు చర్మం ఊడాలి. ఆ ప్లస్సు గుర్తు బటన్ మీద వేలుని నొక్కడం కాదు, దొర్లించాలి, మూల దగ్గర ఆగకుండా, ఆగినట్టు కూడా ఉండాలి. తొందరపడితే మూల పడదు, వాడు వంగి ఉత్త గుద్దు గుద్దుతాడు. నిదానిస్తే ఎదుటివాడు ఈలోపు తన్నేస్తాడు. పొక్కు లేచేది, పగిలేది, మళ్లీ లేచేది. చొక్కా అంచు లాగి బొటనవేలికీ బటన్‌కీ మధ్య పెట్టుకుని ఆడేవాళ్లం, అందరి యూనిఫారం చొక్కాలకీ ఎడమ అంచు నల్లగా నలిగి ఉండేది. మా అమ్మకి అది ఎందుకో ఎప్పటికీ అర్థం కాలేదు.

కాయిన్ మెషీన్ల మీద చేయి తిరిగినవాళ్లు ఇక్కడ బోల్తా పడేవాళ్లు. కర్రతో మణికట్టు తిప్పి చేసే పని ఇక్కడ ఒక్క వేలు చెయ్యాలి. మార్కెట్ దగ్గర మెషీన్ మీద ఎవరినీ గెలవనివ్వని ఒకాయన మా షాపుకొచ్చి ఐదో క్లాసు పిల్లాడి చేతిలో ఓడిపోయి, రిమోట్ కింద పెట్టి, మాట్లాడకుండా డబ్బులు ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ పిల్లాడు ఆడింది ఎడ్డీతో అని చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టు. బ్రెజిల్ నుంచి వచ్చిన కాపోయెరా (డాన్సులాంటి పోరువిద్య) ఆటగాడు, చేతుల మీద నిలబడి కాళ్లు తిప్పుతూ ఉంటాడు. ఎక్స్, సర్కిల్ రెండూ ఇష్టమొచ్చినట్టు బాదుతూ ఉంటే చాలు, ఏదో ఒకటి తగులుతుంది, ఏది వస్తుందో బాదేవాడికే తెలియదు కాబట్టి ఎదుటివాడికి అసలు తెలియదు. డబ్బులు పెట్టి పాల్‌ని నేర్చుకున్న పెద్దవాళ్లకి ఇది భరించలేని అవమానం. చివరికి గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసిన కాగితం వెలిసింది, "పందేనికి ఎడ్డీ లేదు" అని. బాబాయ్ రాయలేదు, కుర్రాళ్లే రాశారు. చిన్నపిల్లలు కొన్నాళ్లు గొడవ చేసి, తర్వాత టైగర్‌ని తీసుకోవడం మొదలెట్టారు. టైగర్ కూడా అచ్చం ఎడ్డీలాగే ఆడతాడు, మనిషే వేరు. కాగితంలో టైగర్ పేరు లేదుగా.

ఇంకో సంగతి ఇప్పటివాళ్లకి నవ్వులాటగా ఉంటుంది. ఒకటో రిమోట్ ఎవరిది అన్నదాని మీద కొట్టుకునేవాళ్లం. ఒకటో రిమోట్ వాడు ఎడమవైపు నిలబడతాడు, కుడివైపు చూస్తూ కొడతాడు. అందరం అటు నిలబడే నేర్చుకున్నాం. రెండో రిమోట్ వస్తే అంతా తిరగబడుతుంది, ముందు అంటే ఎడమ, వెనక అంటే కుడి. బొటనవేలుకి రెండోసారి చదువు చెప్పాలి. చెప్పే ఓపిక ఎవరికుంది? నాకు తెలిసిన మంచి ఆటగాళ్లలో సగం మంది అర మనుషులే, ఎడమవైపు పులులు, కుడివైపు పిల్లులు. అది తెలుసుకున్న ఒక తెలివైనవాడు మొదలవగానే ఎలాగోలా అవతలి పక్కకి వచ్చేసేవాడు. మీకు వచ్చిన కాంబోలన్నీ, అంటే ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల వరసలన్నీ, అక్కడితో సరి.

*

ఇక అసలు మనిషి. డిగ్రీ చదివే అన్న, పేరొద్దు, మేం కింగ్ అన్న అనేవాళ్లం. పులి మాస్కోణ్ణి తప్ప ఇంకెవర్నీ తీసుకోడు. కింగ్ కుస్తీవీరుడు, వాడి పట్లు గొలుసుగా సాగుతాయి. ఒకసారి పట్టుకుని నేలకేసి కొట్టాడంటే, ఆ పట్టు పూర్తయ్యేలోపు తర్వాతి పట్టుకి సరైన బటన్లు సరైన వరుసలో పడాలి. పడితే వదలడు, ఇంకో పట్టు, దానిమీద ఇంకోటి. ఒక్కటి తప్పితే తెగిపోతుంది. కింగ్ అన్న పట్టుకున్నాడంటే అవతలివాడు రిమోట్ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు, ప్రేక్షకుల్లో కలిసిపోయినట్టే.

ఆయన ఆడేటప్పుడు రిమోట్ మీద కర్చీఫ్ కప్పుకునేవాడు. గళ్ల కర్చీఫ్, నాలుగు మడతలు విప్పి, చేతులు రెండూ లోపల పెట్టుకుని. దాని కింద వేళ్లు కదులుతున్నట్టు తెలుస్తుంది, ఏ వేలు ఎక్కడుందో తెలియదు. పట్లలో కాళ్లూ చేతులూ చూసి బటన్ కనిపెట్టే మా విద్య కూడా పనిచేయదు, ఎందుకంటే అక్కడ బటన్‌కీ అవయవానికీ సంబంధం లేదు, రెండేసి బటన్లు కలిపి నొక్కేవే ఎక్కువ.

ఎత్తులు మా షాపులో సరుకు, ఊరికే ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. చిన్నదైతే బజ్జీల ప్లేటు. గాల్లోకి లేపి కింద పడకుండా మూడు నాలుగు దెబ్బలు వేసేదైతే అరగంట ఆటడబ్బులు. లేదంటే మారకం, నీ జిన్‌గాడి ఎత్తులు నాకు చెప్పు, నా వారంగాణ్ణి నీకు చెబుతా. చెప్పేవాడు కూడా ఒక ముక్క దాచుకునేవాడు, అది అందరికీ తెలిసిందే. కింగ్ అన్న మాత్రం ఏ ధరకీ అమ్మలేదు.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగు దాకా టీవీల సౌండు తీసేసేవాళ్లు, పైన ఇంటి ఓనరమ్మ పడుకుంటుందని. ఆ రెండు గంటలూ గదిలో ఫ్యాను చప్పుడు, బటన్ల టకటకలు, అంతే. మా బెంచీలో ఒకడు సాయంత్రాలు మృదంగం నేర్చుకునేవాడు. ఒక మధ్యాహ్నం కింగ్ అన్న వెనక గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం. తర్వాత బయటికొచ్చి బజ్జీల బండి దగ్గర తొడ మీద వేసి చూపించాడు, టక్, టక్, టట్టక్, కాస్త ఆగి, టట్టక్. "ఇదిగో ఈ రెండు కలిసొచ్చాయి చూడు, అక్కడ రెండు బటన్లు ఒకేసారి" అన్నాడు. లయ దొరికింది, బటన్లు మేం వెతుక్కోవాలి. ఫిజిక్స్ రఫ్ నోట్సు చివరి పేజీలో గడులు గీసి, నాలుగు బటన్లలో రెండేసి కలిపితే ఎన్ని జతలో రాసుకుని, ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోయాం. అంత శ్రద్ధగా పర్ముటేషన్స్ క్లాసులో ఎవరూ చేయలేదు. గొలుసులో మొదటి రెండు పట్లు పట్టేశాం. మూడోది దొరకలేదు, డబ్బులయిపోయాయి.

*

కరెంటు పోవడం ఒక ఘట్టం. చీకట్లో అందరూ ఒక్కసారి "ఓయ్" అనేవాళ్లు, తర్వాత టైము పంచాయితీ. అరగంటలో పన్నెండు నిమిషాలే ఆడాం అని మేం, కాదు ఇరవై అని రూళ్ల పుస్తకం. రెండో టీవీ ప్లేస్టేషన్ తలకిందులుగా బోర్లించి ఉండేది, లోపల లేజర్ పట్టా అరిగి జారిపోయి, అలా బోర్లిస్తే గానీ సీడీ చదివేది కాదు. బయట ఊళ్లలో కూడా ఇదే చేసేవాళ్లని తర్వాత తెలిసింది, తొలి మోడళ్లకి అది జబ్బే.

గేమ్‌లో మొదట పదిమందే ఉంటారు, మిగతావాళ్లు ఒక్కొక్కడితో చివరిదాకా గెలుస్తూ పోతే తెరుచుకుంటారు. ఎవరో ఒకడు మెమరీ కార్డు చెరిపేస్తే మళ్లీ మొదట్నుంచీ. అలా జరిగిన రాత్రి బాబాయ్ తలుపు సగం మూసి, తనే కూర్చుని అందర్నీ తెరిచేవాడు. ఆయన ఆడితే ఎంత బాగా ఆడతాడో అలాంటి ఒక రాత్రి చూశా. మా అందరి ఎత్తులూ ఆయనకి వచ్చు, పుస్తకం రాసుకుంటూ చూసినవే అన్నీ. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ ఓడించలేదు. వ్యాపారం తెలిసిన మనిషి.

ఇంకో విషయం చాలా ఏళ్ల తర్వాత తెలిసి తల పట్టుకున్నా. ఆ సీడీలోనే ప్రాక్టీస్ మోడ్ ఉంది, అందులో ప్రతి మనిషి ఎత్తుల లిస్టూ బాణం గుర్తులతో సహా ఉంది. కింగ్ పట్లు కూడా. మా ఎదురుగానే, మెనూలో, నాలుగు నొక్కుల దూరంలో. గంటకి 15 ఇస్తూ ఉత్త బొమ్మని కొట్టుకుంటూ కూర్చునే పిచ్చివాడు ఎవడుంటాడని ఎవరూ అటు వెళ్లలేదు. కింగ్ అన్న వెళ్లుంటాడు. ఇప్పుడనిపిస్తోంది, పరీక్షల సెలవుల్లో షాపు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లుంటాడు.

*

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు టెక్కెన్ 8 ఆడతాడు, 2024లో వచ్చింది. వాడి దగ్గర అన్నీ లెక్కలు. సెకనుకి 60 ఫ్రేములు (ఫ్రేము అంటే తెరమీద ఒక్క బొమ్మ), మామూలు చిన్న గుద్దు పదో ఫ్రేముకి తగులుతుంది, ఫలానాది ఆపితే అవతలివాడు ఇన్ని ఫ్రేములు ఇరుక్కుంటాడు, కాబట్టి దీంతో కొట్టాలి అని ఫోన్‌లో పట్టిక చూసి చెబుతాడు. "నిలువుజుట్టోడి గుద్దు ఆపగానే కొట్టు, వాడు కదల్లేడు" అని మా షాపులో అందరికీ తెలుసు, ఎందుకో తెలియదు. వీడికి ఎందుకో తెలుసు. కొత్తవాళ్ల కోసం ఒక్క బటన్‌తో కాంబోలు వచ్చే స్పెషల్ స్టైల్ అని కూడా పెట్టారు, ఓడిపోయిన ఫైటు గేమే మళ్లీ వేసి ఎక్కడ ఏం చెయ్యాల్సిందో చూపిస్తుంది. ఇదే మంచి పద్ధతి, నేను మొహమాటం లేకుండా చెబుతాను. మేం నెలలు తగలేసిన చోట వీడు ఒక సాయంత్రంలో బయటపడ్డాడు. అయితే వీడికి ఎవరి చేతులూ గుర్తుండవు, ఎందుకంటే ఎవరి చేతులూ చూడలేదు.

అసలు ఈ కాంబో అనేదే అనుకోకుండా పుట్టిందట. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 తయారుచేసేటప్పుడు, కారు బద్దలుకొట్టే బోనస్ స్టేజీలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇంకో దెబ్బ దూరుతోందని గమనించి, అంత కచ్చితమైన టైమింగ్ ఎవరికి పడుతుందిలే అని అలా వదిలేశారట. ఎవరికి పడుతుందిలే! బ్రాడీపేటకి వచ్చి చూడాల్సింది.

2019లో లాహోర్ కుర్రాడు అర్స్లాన్ యాష్, బయట ఎవరికీ పెద్దగా తెలియనివాడు, జపాన్‌లో ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్స్ పోటీ గెలిచి, అదే ఏడాది లాస్ వెగాస్ ఎవో ఫైనల్లో కొరియా దిగ్గజం "నీ" (Knee) అనే ఆటగాణ్ణి ఓడించాడు. టెక్కెన్ అంటే జపాన్, కొరియా అనుకునే లోకం నోరెళ్లబెట్టింది. మా దేశంలో ఇంకా గట్టివాళ్లున్నారు అన్నాడతను. అందరికీ అది వింతగా అనిపించింది, నాకు అనిపించలేదు. అతను కూడా కింగ్ ఆఫ్ ఫైటర్స్ మెషీన్ల దగ్గర పెరిగినవాడే. ఆ గదులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

*

కింగ్ అన్న ఇప్పుడు మంగళగిరి వైపు మెడికల్ షాపు నడుపుతున్నాడు. ఆమధ్య ఒక పెళ్లిలో కనిపిస్తే భోజనాల దగ్గర పక్కన కూర్చుని అడిగేశా, "అన్నా, ఆ మూడో పట్టు ఏంటన్నా, ఇప్పుడైనా చెప్పు." నవ్వాడు. చెబుతానన్నాడు. మొదలుపెట్టాడు, ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. నోటికి రాలేదు. కాసేపు ఆకు వైపు చూసి, చెయ్యి కడుక్కొచ్చి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గాల్లోనే బొటనవేళ్లు ఆడించాడు. టట్టక్, కాస్త ఆగి, టట్టక్. అప్పుడు తన వేళ్లు తనే చూసుకుంటూ, "స్క్వేర్ ఎక్స్ కలిపి... కాదు, ఆగు... ట్రయాంగిల్..." అని ఒక్కోటీ చదివాడు. రాసుకున్నాను. మా అన్నయ్య కొడుకు ఫోన్‌లో పాత గేమ్ లిస్టు తీసి చూసి, ఒక బటన్ తేడా ఉందన్నాడు.

మర్చిపోయాడో, అలవాటు కొద్దీ ఒక ముక్క దాచుకున్నాడో నాకు తెలియదు. ఈసారి కనిపిస్తే అడుగుతా. ఈలోపు గుంటూరు, తెనాలి, విజయవాడ వైపు షాపుల్లో ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ దగ్గర యోషిమిట్సుని ఏమనేవాళ్లు? ఎడ్డీ మీద నిషేధం మీ షాపులో కూడా ఉండేదా, టైగర్‌కి కూడా వర్తించేదా?